నలభై గ్రాములు తక్కువ

పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరును రాగి మీద రుద్దితే ఒక వాసన వస్తుంది. దానికి కాస్త స్పిరిట్ వాసన తోడైతే నాకిక ఏ ఫోటో అక్కర్లేదు, గంగారాం కాక వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. పోయిన ఆదివారం మధ్యాహ్నం అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో అదే జరిగింది. అన్నం తినే బల్ల మీద పాత పేపరు పరుచుకుని, అరచెయ్యంత పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా రోజుల్లో దాన్ని వీడియో గేమ్ క్యాసెట్ అనేవాళ్లం. ఆటంతా ఆ డబ్బాలోనే ఉంటుంది. టీవీకి తగిలించిన సెట్టు నెత్తిన దాన్ని గుచ్చితే ఆట మొదలవుతుంది. మొదలవకపోతే అందరూ చేసే పని ఒకటే. క్యాసెట్‌ను పీకి, మూతి దగ్గర పెట్టుకుని, పిల్లనగ్రోవి ఊదినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఊదడం.

"ఊదవే జర," అంది మా అమ్మ సోఫాలోంచి. అమ్మకు డెబ్బై దాటాయి. క్యాసెట్ ఆమెదే. ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దొరికితే, పాత సామాన్ల బజారులో నాతో సెట్టు కొనిపించి మరీ కూర్చుంది.

"ఊదితే చిలుము పడుతుందమ్మా. గంగారాం కాక చెప్పలేదా?"

"ఆయన చెప్పిండు, మనం ఊదినం. ఆట నడిచిందా లేదా?"

మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తి, "మీ ఇద్దరికి తోడు ఆ డబ్బా కూడా నోరు తెరిస్తే నేను పై అంతస్తుకు అద్దెకు పోతాను," అన్నాడు.

మా ఇంట్లో నాకు వాదిస్తానని పేరు. ఇది నాకు జరుగుతున్న అన్యాయం. నేను వాదించను, తప్పు మాట వింటే ఊరుకోను, అంతే. ఈ రెంటికీ తేడా ఉందని పాతికేళ్లుగా ఈ ఇంట్లో చెబుతున్నాను. అయితే ఒకసారి ఆ తప్పు మాట నా నోట్లోంచే వచ్చింది. అది ఎవరి మీద పడిందో, ఆ మనిషి దాన్ని ఎలా మోశాడో మీకు చెప్పాలి. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్లు కూడా చాలామంది సరిగ్గా చూడలేదు.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి గుజరాతీవాళ్ల ఈ ఊరికి వచ్చి, ఆ చివరనున్న లింబాయత్‌లో పవర్‌లూమ్ మీద నేసేవాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. మా గల్లీకి రెండు వైపులా సాంచాల షెడ్లే. పగలూ రాత్రీ టకటకటక అని ఒకటే మోత. ఆ మోతలో పుట్టి పెరిగినవాళ్లం మామూలుగా మాట్లాడుకున్నా బయటివాళ్లకు కొట్లాటలా వినబడుతుంది. ఉప్పు ఉందా అని పక్కింటివాళ్లను అడిగితే మూడో ఇంట్లోంచి లేదని జవాబు వచ్చేది. నా గొంతు ఇలా ఉందంటే తప్పు నాది కాదు, సాంచాలది.

గంగారాం కాక ఇరవై ఏళ్లు ఆ షెడ్లలో సాంచాలు బాగుచేశాడు. ఎడమ చెవి అక్కడే పోయింది. తర్వాత గల్లీ మలుపులో ఒక రేకు కింద బల్ల వేసుకుని రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసేవాడు. షెడ్ల మోటార్లకు కొత్త తీగ చుట్టేవాడు. వీడియో గేములు వచ్చాక అవీ నేర్చుకున్నాడు. మేం చిన్నాన్నను కాక అంటాం, గుజరాతీవాళ్లూ అదే మాట అంటారు. అందుకని ఆయన రెండు భాషల వాళ్లకూ కాకే అయ్యాడు. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఎవరైనా మాట్లాడుతుంటే కుడి చెవి ముందుకు పెట్టి, కోడిపుంజు చూసినట్టు పక్కకు చూసేవాడు. మాటలు తక్కువ. సగం వినబడని మనిషికి మాట్లాడాలని ఏం ఉంటుందిలే అనుకునేదాన్ని. అది కూడా తప్పే.

ఇక్కడ మా బస్తీ పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ప్రతిదీ తూకం. షెడ్డు నుంచి నూలు తూచి ఇస్తారు, కండెలు చుట్టి ఇస్తే మళ్లీ తూచి తీసుకుంటారు. బట్ట నేశాక అదీ తూస్తారు. తగ్గిందంటే ఎవరో కాజేశారని లెక్క. మోటారు బాగుచేయడానికి పంపితే ముందు తూచి పంపేవాళ్లు, ఎందుకంటే కొందరు లోపలి రాగి తీగ మార్చేసేవాళ్లు. ఇలా పెరిగిన ఆడపిల్లకు తూకం అంటే సత్యం. మా అమ్మ ఇంట్లో మోటారు రాట్నం మీద కండెలు చుట్టేది కాబట్టి మాకో చిన్న త్రాసు కూడా ఉండేది. నేను బీకాం మొదటి సంవత్సరం. మా గల్లీలో కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను. త్రాసూ ఉంది, చదువూ ఉంది, నోరు పుట్టుకతోనే ఉంది. ఈ మూడూ ఒకచోట ఉండకూడదు.

ఆ వీడియో గేమ్ నాన్న ఎవరి దగ్గరో పాతది తెచ్చాడు, నా కోసమే. కానీ దాన్ని పట్టుకున్నది అమ్మ. పైనుంచి పడే ఇటుకలను సందు లేకుండా సర్దే ఆట ఒకటి ఉండేది. కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్లకు ఎంత వేగం వచ్చిందంటే మా గల్లీలో ఎవరూ ఆమెను ఓడించలేకపోయారు. పని ముగించి, సాయంత్రం పొయ్యి ముట్టించేలోపు ఒక గంట ఆడేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె తన కోసం తీసుకున్న గంట అదొక్కటే అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా వంతు రావడం లేదని ఏడ్చాను.

ఒకరోజు తెర మీద ఇటుకలు పోయి పిచ్చిగీతలు వచ్చాయి. తట్టాం, ఊదాం, మళ్లీ తట్టాం. తడితే ఒక నిమిషం ఆడేది, మళ్లీ గీతలు. అమ్మ నన్ను పంపింది. నేను క్యాసెట్‌ను తూచి మరీ తీసుకెళ్లాను. నూట ముప్పై గ్రాములు. నవ్వకండి, అప్పుడు మా గల్లీలో ఎవరూ నవ్వలేదు.

కాక దాన్ని వెంటనే తెరవలేదు. ముందు వేరే క్యాసెట్ ఒకటి మా సెట్టులో పెట్టి చూశాడు. అది శుభ్రంగా ఆడింది. "సెట్టు మంచిగనే ఉంది. దాన్ని తిట్టకుండ్రి," అన్నాడు. తర్వాత మా క్యాసెట్‌ను తన సెట్టులో పెట్టాడు. గీతలు వచ్చాయి. "దీన్ల ఉంది రోగం." తర్వాత మూతి దగ్గర వరుసగా ఉన్న రాగి పళ్లను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఊదిండ్రా?"

"ఊదినం."

"అందరు ఊదుతరు. నాడెల దారం నోటితోటి గుంజినట్టు దీన్ల గూడ నోరు పెడ్తరు. నోటి తడి పోయి చిలుము పడ్తది బిడ్డా. పచ్చగైంది సూడు."

మా నేతవాళ్ల అలవాటు అది. మగ్గం మీద దారం మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడెలో చిన్న కన్నం ఉంటుంది, దాంట్లోంచి దారాన్ని నోటితో పీల్చి లాగుతారు. మా నాన్న పెదవి మీద అందుకే ఎప్పుడూ ఒక పుండు ఉండేది. ఏ పనికైనా ముందు నోరు పెట్టడం మాకు అక్కడి నుంచే వచ్చిందని కాక నమ్మకం.

రబ్బరుతో ఆ పళ్లను రుద్దాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. పెట్టి చూశాడు, ఇంకా గీతలే. అప్పుడు క్యాసెట్‌ను కుడి చెవికి ఆనించుకుని, పసిపిల్లను ఊపినట్టు మెల్లగా ఊపాడు. రెండు షెడ్ల మోత మధ్య ఆయనకు ఏం వినబడిందో నాకు తెలియదు. "లోపట ఏందో ఆడుతంది," అన్నాడు. "రేపు రాండ్రి." నాకు ఓపిక లేదు, కాలేజీ బస్సు ఉంది. ఆయన దాన్ని తెరవడం నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు అమ్మ వెళ్లి తెచ్చుకుంది. ఆట బ్రహ్మాండంగా నడిచింది. రెండు రోజులు ఆడి, మేనమామ కూతురి పెళ్లికని అమ్మ ఊరికి వెళ్లింది. పదిహేను రోజులు రాట్నమూ నాదే, గేమూ నాదే. వానాకాలం. గోడలకు చెమ్మ, బట్టలకు చెమ్మ. ఓ సాయంత్రం సెట్టు పెడితే తెర మీద ఏమీ రాలేదు. అలవాటు కొద్దీ ఊదాను. ఒకసారి కాదు, ఒక అరగంట. తర్వాత నాకు త్రాసు గుర్తొచ్చింది.

తొంభై గ్రాములు. నలభై తక్కువ.

చాకుతో అంచు విప్పి చూశాను. ఇంత డబ్బాలో లోపల బిస్కెట్టంత ముక్క, దాని మీద తారు బొట్టు లాంటి నల్లటి చుక్క. మిగతాదంతా ఖాళీ. వందల ఆటలున్నాయని పైన రాసి ఉంటే లోపల ఇంతేనా? మిగిలింది ఎటు పోయింది? నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. అనుమానం లేకపోవడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుసు, ఆ రోజు మాత్రం ఒంట్లోకి బలం వచ్చినట్టుంది.

సాయంత్రం షిఫ్టు మారే వేళ. గల్లీ నిండా జనం. నేను వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"కాకా, క్యాసెట్‌లకెల్లి ఏమో తీసినవ్."

ఆయన తలెత్తాడు. "ఆఁ?"

"క్యాసెట్‌లకెల్లి ఏమో తీసినవ్ అంటున్న."

"నువ్వు తీసినవా? ఎందుకు తీసినవ్ బిడ్డా?"

"నేను కాదు, నువ్వు. నలభై గ్రాములు తక్కువున్నది. తూచిన. ఇది దొంగతనం గాకపోతే ఏంది?"

మూడోసారి నా గొంతు రెండు షెడ్ల మోతను దాటాలి కదా, అంత ఎత్తు లేపాను. సరిగ్గా ఆ మాట మధ్యలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా గల్లీలో నిశ్శబ్దం అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, అందుకే అది వచ్చినప్పుడు అందరూ గుమ్మాల్లోకి వస్తారు. ఆ నిశ్శబ్దంలో "దొంగతనం గాకపోతే ఏంది" అన్న నా మాట ఒక్కటే నిలబడింది.

కాక చేతిలోని పనిముట్టు పక్కన పెట్టాడు. "అవ్, తీసిన," అన్నాడు తాపీగా. "ఇనుపరేకు ఒకటి తీసిన. మీ అమ్మకు ఇచ్చిన."

"అమ్మ ఊర్ల లేదని తెల్సి అంటున్నవా?"

ఆయన ముఖం కొంచెం మారింది. "తీసిన బిడ్డా. తీసుకోలే. తీసుడు వేరే, తీసుకునుడు వేరే."

ఈ చివరి మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. గల్లీకి కావలసిన మాట ముందే దొరికింది. నల్లా దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, షెడ్డు మెట్ల మీద అదే మాట తిరిగింది. "తీసిన అన్నడట, తన నోటితోనే." మన భాషలో ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. ముల్లు తీస్తాం, దిష్టి తీస్తాం, ప్రాణం తీస్తాం. పక్కవాడి జేబులోంచి తీసినా తీయడమే. బాగుచేసేవాడు చేసే పనిలో సగం తీయడమే. ఆ మనిషి నిజం చెప్పాడు, కాకపోతే ఆ నిజం నేరం ఒప్పుకున్నట్టే వినబడింది.

వారం తిరగకముందే ఆయన బల్ల దగ్గర మార్పు వచ్చింది. ఆడవాళ్లు మిక్సీ ఇచ్చి, "తూచినం కాకా, రెండున్నర కిలోలు," అని చెప్పి మరీ వెళ్లేవాళ్లు. ఏళ్లుగా నోటిమాట మీద మోటార్లు పంపిన ఒక షెడ్డు నుంచి గుమాస్తా వచ్చి, "కాకా, వజన్ కరీనే ఆపజో," అన్నాడు. తూచి ఇవ్వండి అని. కాక తల ఊపాడు. అది నేను కాలేజీ నుంచి వస్తూ చూశాను. నిజమే నెగ్గిందని అప్పుడు సంతోషించాను. రెండో షెడ్డు మోటార్లు పంపడమే మానేసింది. ఆయన భార్య లసుమమ్మ నల్లా దగ్గర నన్ను చూస్తే బిందె తీసుకుని వెనక్కి పోయేది.

అమ్మ ఊరి నుంచి వచ్చిన రోజు సంచి దించకముందే నా విజయగాథ చెప్పాను. ఆమె మొత్తం విని, మోటారు రాట్నం దగ్గరికి వెళ్లి వంగింది. రాట్నానికి ఒక కాలు పొట్టి, ఊగుతుండేది. ఆ కాలి కిందినుంచి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ఇనుపరేకు ఒకటి లాగి నా ఒళ్లో వేసింది.

"ఇదేనా నీ నలభై గ్రాములు?"

పదిహేను రోజులు నేను కూర్చుని కండెలు చుట్టింది దాని పక్కనే. ఊగడం ఎందుకు ఆగిందని కూడా అనుకోలేదు.

"క్యాసెట్ చేతికి బరువుగ అనిపియ్యాలని కంపినీవాళ్లు లోపల అంటిచ్చిండ్రట. ఎండకు జిగురు ఊడింది. అది పోయి లోపలి చిప్పుకు తగిలి గీతలు వస్తున్నయట. ఆయన చెప్పిండు, కాగితంల సుట్టి ఇచ్చిండు. పనికొస్తదని నేనే పెట్టుకున్న," అంది అమ్మ. తర్వాత చాలాసేపు నా ముఖం చూడలేదు. "నోరుంది గదా అని ఊదుడేనా పోరీ. దేన్నంటే దాన్ని ఊదుడేనా."

క్షమాపణ చెప్పడానికి నేను ఎంచుకున్న వేళ గురించి ఇప్పటికీ సిగ్గే. మధ్యాహ్నం రెండు. పొద్దుటి షిఫ్టువాళ్లు ఇంకా షెడ్లలోనే, రాత్రి షిఫ్టువాళ్లు నిద్రలో. గల్లీలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. రేకును రుమాల్లో చుట్టుకుని వెళ్లి, ఆయన కుడి చెవి దగ్గరగా వంగి, "కాకా, తప్పయింది, రేకు మా ఇంట్లనే ఉంది," అన్నాను.

ఆయన మెల్లగా తల తిప్పి ఎడమ చెవి నా వైపు పెట్టాడు.

"ఏమన్నవ్?"

"ఆ చెవి గాదు కాకా, ఇంకో చెవి."

"దానికి పనుంది. రేడియో ఇంటంది." బల్ల మీద ఉన్న రేడియో విప్పి పడి ఉంది. దానికి ప్రాణమే లేదు. "గట్టిగ చెప్పు బిడ్డా. మొన్న మంచిగ ఇనబడ్డది."

నాకు అర్థమైంది. వెళ్లిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆయన ముఖంలో కోపం లేదు. పాడైన వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు ఎలా ఓపిగ్గా చూస్తాడో అలాగే చూస్తున్నాడు. సరే అని ఊపిరి పీల్చుకుని, "రేకు మా ఇంట్లనే ఉంది," అన్నాను. వినబడలేదన్నాడు. మళ్లీ అన్నాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నాలుగోసారికి కళ్లలోంచి నీళ్లు, నోట్లోంచి సాంచాలను మించిన మోత. "కాక ఏం తీసుకోలే. రేకు మా అమ్మకే ఇచ్చిండు. నేనే తెల్వక దొంగ అన్న. తప్పు నాది." నిద్రలోంచి లేచినవాళ్లు లుంగీలు సర్దుకుంటూ బయటికి వచ్చారు. షెడ్డు తలుపులో ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. పై కిటికీలోంచి ఎవరో, "ఇనబడ్డది తీ పోరీ, పండుకోనియ్యి," అన్నారు.

"ఇప్పుడు నాకు గూడ ఇనబడ్డది," అన్నాడు కాక. స్టూలు ముందుకు జరిపాడు. "కూసో. క్యాసెట్ తెచ్చినవా?"

తేలేదు. పరుగెత్తి తెచ్చాను. ఈసారి ఆయన ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. నేనే విప్పాను, నేనే చూశాను. నేను అరగంట ఊదిన చోట రాగి పళ్లు పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి. రుద్దుతూ కూర్చున్నాను. చీకటి పడేలోపు తెర మీద ఇటుకలు పడటం మొదలైంది. "ఆ నల్ల బొట్టే ఆట అంతా," అన్నాడు చూపించి. "దానికి బరువే లేదు. బరువున్నదే పనికిరాలే." అంతకుమించి నాకు బోధ ఏమీ చేయలేదు.

ఆ ఏడాది ఆదివారాలు మధ్యాహ్నం నేను ఆ బల్ల దగ్గరే గడిపాను. సోల్డరింగ్ నాకు రాలేదు. నేర్చుకున్నది వేరు. చెడిపోయిన వస్తువు రాగానే ఆయన మొదట అడిగేది, "ఎప్పటిదాంక మంచిగుండె? తర్వాత ఏం చేసిండ్రు?" జనం మొదటి ప్రశ్నకు జవాబు చెబుతారు, రెండోదానికి కోపం తెచ్చుకుంటారు. "మేమేం చెయ్యలే," అంటారు. కాక ఎదురు చెప్పడు, ఆగుతాడు. కాసేపటికి వాళ్లే, "పిల్లగాడు నీళ్లు పోసిండు," అంటారు. నేనైతే ఆ మధ్యలో పదిసార్లు నోరు తెరిచేదాన్ని. ఆయన బల్ల కింద నా కాలిని తన కాలితో తాకేవాడు, ఆగు అని.

తర్వాత నాకు సచిన్ అనే చోట, బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది. బట్ట మీద వచ్చే ఫిర్యాదులు చూడటం నా పని. పాలిస్టర్ బట్టను మెత్తబరచడానికి మందులో వేసి బరువు తగ్గిస్తారు. కొత్తగా వచ్చిన వ్యాపారి తూచుకుని, మా బట్ట తిన్నారని మీద పడతాడు. నేను ఆ వ్యాపారిని తీసుకెళ్లి, ముందటి బట్టా తర్వాతి బట్టా రెండూ చేతికిచ్చి తడిమి చూడమంటాను. "మేం తీశాం, తీసుకోలేదు," అని హిందీలో చెప్పడానికి ఎన్నేళ్లు ప్రయత్నించినా ఆ మాట అతకలేదు. నిజంగా కాజేసినవాళ్లనూ పట్టుకున్నాను, అది వేరే సంగతి. అప్పుడు నా గొంతు ఎవరూ తగ్గించలేకపోయారు.

అయితే ఇక్కడితో ఆగితే మీకు అబద్ధం చెప్పినట్టే. నేను గల్లీ అంతా వినేలా ఒప్పుకున్నాను కదా, అంతా సర్దుకుందని ఏళ్ల పాటు అనుకున్నాను. పెళ్లయి అడాజన్ వచ్చాక ఒకసారి మిక్సీ పాడైతే, ఇక్కడ దుకాణాలున్నా, పనిగట్టుకుని లింబాయత్ వెళ్లాను. కాక బాగా ముసలివాడయ్యాడు. నన్ను చూసి నవ్వాడు, అమ్మ ఆట ఎలా ఉందని అడిగాడు. మిక్సీ నా చేతిలోంచి తీసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే, పక్కనున్న త్రాసు మీద పెట్టాడు. చీటీ మీద బరువు రాసి నా వైపు జరిపాడు. ఆ త్రాసు అంతకుముందు కూడా అక్కడ చూశాను. నా గొడవ జరిగిన రోజుల్లోనే కొన్నాడు. కొన్నాళ్లకు తీసేస్తాడులే అనుకున్నాను.

"నాకు గూడనా కాకా?"

ఆయన చెయ్యి ఆగింది. త్రాసు వైపు చూసి, తను చేసిన పని అప్పుడే తెలిసినట్టు కొంచెం ఇబ్బందిపడ్డాడు. "అలవాటైంది బిడ్డా. నిన్ను అని గాదు."

"నేను ఒప్పుకున్న గదా. అందరు ఇన్నరు గదా."

"ఒప్పుకున్నవ్. మస్తు ధైర్యం చేసినవ్." చీటీని వేలితో సరిచేశాడు. "ముందుగాల ఇన్నోళ్లు షిఫ్టు దిగి పోయెటోళ్లు. అండ్ల సగంమంది తర్వాత బీవండి సాంచాలకు పోయిండ్రు, ఊర్లకు పోయిండ్రు. రెండోది ఇన్నోళ్లు పండుకున్నోళ్లు. ఆళ్లు ఈళ్లు ఒక్కరు గాదు గదా."

ఇది ఫిర్యాదులా చెప్పలేదు. ఫ్యాన్‌లో ఏం పోయిందో చెప్పినట్టు చెప్పాడు. ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకుని లేచాను. మరుసటి ఏడాది ఆయన పోయాడని అమ్మ చెప్పింది.

పోయిన నెలలో మా సొసైటీలో ఒక సంగతి జరిగింది. రెండో అంతస్తు ఆవిడ మా ఫ్లాట్లవాళ్ల ఫోన్ గ్రూపులో రాసింది, ఏసీ మెకానిక్ గ్యాస్ నింపకుండానే నింపానన్నాడని, మోసగాడని, ఎవరూ పిలవద్దని. అతను కడోదరా నుంచి బైకు మీద వచ్చే నడివయసు మనిషి. నేను ఆమె ఇంటికి వెళ్లి, ఎప్పటిదాకా బాగుంది, తర్వాత ఏం చేశారు అని అడిగాను. ఏమీ చేయలేదంది. ఆగాను. బట్టల తాడుకు మేకు కొట్టానంది. మెకానిక్‌ను పిలిపించి అందరి ముందూ గోడ దగ్గర చూపించమన్నాను. మేకు గోడలోని ఏసీ గొట్టంలో దిగి ఉంది, నింపిన గ్యాసంతా అక్కడినుంచే పోయింది. ఆవిడ మంచిదే. అతని చేతులు పట్టుకుని సారీ చెప్పింది, టీ ఇచ్చింది. అక్కడితో అయిపోయిందనుకుంది.

"గ్రూపులో రాయండి," అన్నాను.

"అతనికి చెప్పాను కదా సుజాతా. అతనేమీ అనుకోలేదు."

"అతనికి కాదు. చదివినవాళ్లకు."

నన్ను గయ్యాళి అనుకుని ఉంటుంది. అనుకోనివ్వండి, అంత తప్పేమీ కాదు. వాదించి వాదించి ఆమె చేత రాయించాను. ఎంతమంది చదివారో ఆ గ్రూపులో తెలుస్తుంది. మొదటి మాట మొత్తం అరవై నాలుగు ఇళ్లూ చదివాయి. రెండో మాట మూడు రోజులకు నలభై ఒకటి. మిగతావాళ్లకు తీరిక లేదేమో, ఆసక్తి లేదేమో. మోసం జరిగిందంటే ఆగి చదువుతాం. జరగలేదంటే ఎవరు చదువుతారు?

ఆ ఇరవై మూడు ఇళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. సాయంత్రాలు పని నుంచి వచ్చాక రెండేసి తలుపులు తడుతున్నాను. కొందరు లోపలికి రమ్మంటారు, కొందరు గొలుసు తీయకుండానే వింటారు. "ఏసీ ఆయన మోసం చేయలేదు, మేకు తగిలింది, అంతే," అని చెప్పి వస్తాను. నిన్న ఒకాయన, "ఈ మాట చెప్పడానికి మెట్లెక్కి వచ్చారా?" అన్నాడు. అవునన్నాను. మోకాళ్ల నొప్పి, పైగా లిఫ్టు సరిగా లేదు. ఇంకా ఏడు తలుపులున్నాయి.